ఎడారినీ కాపాడుకోవాలి

సంపాదకునికి,

అడవుల సంరక్షణపై ప్రజల్లో కొంత స్పృహ ఏర్పడింది గానీ, ఎడారి అంటే ఖాళీ స్థలమేనన్న అపోహ ఇంకా తొలగలేదు. ఎడారి నేలపై నల్లగా, గరుకుగా కనిపించే పలుచని పొర నిజానికి సయనోబాక్టీరియా (కిరణజన్య సంయోగక్రియ జరిపే సూక్ష్మజీవులు), లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే జీవులు), నాచుమొక్కలు కలిసి అల్లుకున్న సజీవ కవచం. మట్టి గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేదీ, నత్రజనిని నేలకు అందించేదీ అదే. సరదాగా నడిపే వాహనాల చక్రాల కింద నలిగితే అది కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు.

వన్యప్రాణుల సంగతీ అంతే. అరేబియా ఎడారుల్లో తిరిగే పొడవాటి కొమ్ముల జింక లాంటి జంతువు అరేబియన్ ఒరిక్స్ 1972 నాటికి వేట వల్ల సహజ ఆవాసాల్లో అంతరించగా, జంతుప్రదర్శనశాలల్లో పెంచిన మందను 1982లో ఒమన్ ఎడారిలో విడిచిపెట్టారు. ఆ తర్వాత వేట మళ్లీ మొదలై, అక్కడి ఒరిక్స్ అభయారణ్యం విస్తీర్ణాన్ని ప్రభుత్వమే తొంభై శాతం కుదించడంతో, 2007లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. ఇతర దేశాల్లోనూ చేసిన కృషి ఫలించి 2011లో ఆ జాతి పరిస్థితి మెరుగుపడినట్లు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ గుర్తించింది.

ఎడారిలో ఎక్కడపడితే అక్కడ చెట్లు నాటడమే మేలని భావించేవారూ ఉన్నారు. ఉద్దేశం మంచిదే అయినా, బట్టమేక పక్షుల వంటి బహిరంగ మైదాన జీవులకు అది హానికరం. ఏటా జూన్ 17న, అంతర్జాతీయ దినం సందర్భంగా, ఎడారీకరణ (సాగుకు పనికొచ్చే నేల నిస్సారమై ఎడారిలా మారడం) నివారణ గురించి రాసే పత్రికలు, సహజమైన ఎడారుల రక్షణ వేరే విషయమని కూడా పాఠకులకు వివరించాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు