రేణిగుంట రోడ్డు హార్డ్‌వేర్ షాపులో కలిసిన పెద్దాయనకు

పులికాట్‌లో చేపలు పడదామని కొన్న పాత అల్యూమినియం పడవకు చెక్కలు బిగించడానికి నేను రాగి రివెట్లు తీసుకుంటుంటే, పక్కనే పెయింటు డబ్బాతో నిలబడ్డ మీరు "దేనికి నాయనా ఇవి?" అని అడిగి ఉండకపోతే నా పడవ కొన్నాళ్లకు జల్లెడే. ఉప్పునీళ్లు తగిలితే రాగి పక్కనున్న అల్యూమినియం తినేసినట్టు పోతుందని నాకేం తెలుసు! అల్యూమినియం రివెట్లే ఇప్పించారు. పైగా, లీకులు చూడ్డానికి పడవను చెరువు దాకా మోయక్కర్లేదు, దిమ్మెల మీద ఎత్తిపెట్టి లోపల రెండు బిందెల నీళ్లు పోసి కింద ఎక్కడ చెమ్మ వస్తుందో చూడు చాలు అన్నారు. చూస్తే తొమ్మిది చోట్ల చుక్కలు, అన్నీ పాత రివెట్ల దగ్గరే. సుద్దముక్కతో సున్నాలు చుట్టాను. టీ కూడా తాగకుండా స్కూటరెక్కి వెళ్లిపోయారు, పేరడగాలన్న బుద్ధి నాకు లేకపోయింది. చాలా థ్యాంక్స్ సార్. ఏడు ఆగాయి, మిగతా రెండూ ఈ ఆదివారం.