వాక్ కూడా లెక్కే, శీనూ

మాంట్రియల్

ఒరేయ్ శీనూ,

మీ శాన్ డియేగో బేస్‌బాల్ స్టేడియం పెట్కో పార్క్‌లో టోనీ గ్విన్ విగ్రహం దగ్గర మీవాణ్ణి నిలబెట్టి తీసిన ఫొటో చాలా బాగుంది. వాడు అచ్చం మీ నాన్నగారిలా తయారవుతున్నాడు. ఫొటో కింద నువ్వు రాసిన మాట మాత్రం వదిలేయలేకపోతున్నాను. "మీ ఊరి టిమ్ రేన్స్‌ని గ్విన్ పక్కన కూర్చోబెడతావేంట్రా, మూడు వేల హిట్లు కూడా లేనివాణ్ణి?" అన్నావు. ఫోన్‌లో అయితే ఇద్దరం ఒకేసారి అరుచుకుంటాం, ఏదీ తేలదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

గ్విన్‌ని తక్కువ చేసే ఉద్దేశం నాకు రవ్వంత కూడా లేదు. బంతిని కొట్టి బేస్ (పరుగు దారిలోని మజిలీ) చేరిన హిట్లు 3,141, లీగ్‌లో అత్యధిక యావరేజ్‌కి దక్కే బ్యాటింగ్ టైటిళ్లు ఎనిమిది, కెరీర్ యావరేజ్ .338, అంటే వెయ్యి అవకాశాలకి 338 హిట్లు. ఇరవై సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. అన్నేళ్లలో స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయింది 434 సార్లే. బంతికి బ్యాట్ తగిలించడంలో ఆ తరంలో అతన్ని మించినవాడు లేడు. నువ్వు శాన్ డియేగోలో ఉంటూ అతన్ని ఇష్టపడకపోతేనే నేను ఆశ్చర్యపోవాలి.

మా మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్టుకి ఆడిన రేన్స్‌వి 2,605 హిట్లు, యావరేజ్ .294. ఈ అంకెలే చూస్తే నీ మాటకి తిరుగులేదు. కానీ బ్యాటింగ్ యావరేజ్ వాక్‌లని అసలు చూడదు. పిచ్చర్ వేసిన నాలుగు చెడ్డ బంతుల్ని ఓపిగ్గా వదిలేసి, ఫస్ట్ బేస్‌కి నడిచి వెళ్లినవాడికి ఆ లెక్కలో దక్కేది సున్నా. ఆ అవకాశం వచ్చినట్టే రాసుకోరు. ఒక ఇన్నింగ్స్‌లో జట్టు చేతిలో ఉండేది మూడు ఔట్లు. అవి అయిపోయాయా, ఎంత పెద్ద బ్యాటర్ వరసలో ఉన్నా గ్లోవ్ తీసుకుని ఫీల్డింగ్‌కి పోవాల్సిందే. అలాంటి ఆటలో ఔట్ కాకుండా బేస్ మీదికి చేరడమే బ్యాటర్ మొదటి పని. ఎలా చేరాడన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు కూడిక చెయ్యి. గ్విన్‌కి 3,141 హిట్లు, 790 వాక్‌లు, బంతి ఒంటికి తగిలి వెళ్లినవి 24. మొత్తం 3,955. రేన్స్‌కి 2,605 హిట్లు, 1,330 వాక్‌లు, తగిలినవి 42. మొత్తం 3,977. చూశావా, మీ గ్విన్ కంటే మావాడు 22 సార్లు ఎక్కువ బేస్ మీదికి చేరాడు. ఇద్దరూ బ్యాటింగ్‌కి వచ్చిన సార్లు కూడా దగ్గరదగ్గరే, రేన్స్ 10,359, గ్విన్ 10,232. బేస్‌కి ఎంత తరచుగా చేరాడో చెప్పే ఆన్-బేస్ పర్సెంటేజ్ గ్విన్‌కి .388, రేన్స్‌కి .385. యావరేజ్‌లో 44 పాయింట్ల తేడా ఉన్నవాళ్లు ఇక్కడికి వచ్చేసరికి మూడు పాయింట్ల దూరంలో నిలబడ్డారు. ఈ లెక్క మొదటిసారి చూసినప్పుడు నేను కాగితం మీద మళ్లీ కూడి చూసుకున్నాను.

వాక్, హిట్ ఒకటేనా అని నువ్వు అడుగుతావు. అడగాలి కూడా. ఒకటి కాదు. సెకండ్ బేస్ మీద మనవాడు ఉన్నప్పుడు సింగిల్ (ఒక బేస్ హిట్) కొడితే వాడు హోమ్ ప్లేట్‌కి వచ్చి పరుగు చేసే అవకాశం ఎక్కువ, వాక్ తీసుకుంటే ఉన్నచోటే ఉంటాడు. వేలాది ఆటల ప్లే-బై-ప్లే రికార్డులు తిరగేసి పరిశోధకులు కట్టిన విలువ ప్రకారం సింగిల్ దాదాపు 0.45 పరుగు, వాక్ దాదాపు 0.3 పరుగు. అంటే మూడింట రెండు వంతులు. అందుకే బ్యాట్ ఒక్కటే చూస్తే గ్విన్‌దే పైచేయి. స్టేడియం, కాలం అన్నీ సరిచేసి సగటు బ్యాటర్‌ని 100గా పెట్టి లెక్కించే ఓపీఎస్ ప్లస్‌లో గ్విన్‌కి 132, రేన్స్‌కి 123. ఇందులో వాదనేమీ లేదు, రాసి సంతకం పెడతాను.

కానీ రేన్స్ ఆటలో సగం బేస్ మీదికి చేరాకే మొదలవుతుంది. 808 స్టీల్స్, అంటే ఎవరూ బంతిని కొట్టకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ పట్టేయడం. 1981 నుంచి 1986 దాకా ఆరేళ్లు వరసగా డెబ్భైకి తగ్గలేదు: 71, 78, 90, 75, 70, 70. మొదటిదైన 1981లో సమ్మె వల్ల సీజన్ మధ్యలో కొన్నాళ్లు ఆగిపోయింది, అతను ఆడింది 88 ఆటలే. అయినా నన్ను కట్టిపడేసేది 808 కాదు, దాని పక్కన ఉన్న 146. దొరికిపోయింది అన్నిసార్లే. దాదాపు 85 శాతం ప్రయత్నాల్లో గెలిచాడు. రికీ హెండర్సన్ 1,406 స్టీల్స్‌తో అందనంత ఎత్తులో ఉన్నాడు కానీ అతని శాతం కూడా 81కి కాస్త తక్కువ.

ఈ శాతం గురించి ఎందుకింత పట్టుబడుతున్నానంటే, స్టీల్ చేయడంలో లాభం చిన్నది, నష్టం పెద్దది. ఔట్లు లేకుండా ఫస్ట్ బేస్ మీద మనిషి ఉంటే ఆ ఇన్నింగ్స్‌లో సగటున 0.9 పరుగుకి కాస్త తక్కువ వస్తుంది. వాడు సెకండ్‌కి చేరితే 1.1 అవుతుంది. దొరికిపోతే బేస్‌లు ఖాళీ, ఒక ఔట్ పోయింది, ఇక ఆశించదగ్గది 0.3 లోపే. అన్ని సందర్భాలూ కలిపి సగటు తీస్తే స్టీల్‌కి 0.2 లాభం, దొరికితే 0.4 నష్టం అనుకోవచ్చు. పదింట ఏడుసార్లయినా గెలవనివాడు పరుగెత్తకుండా ఉంటేనే జట్టుకి మేలు.

ఈ లెక్కన రేన్స్ కాళ్లతో తెచ్చింది సుమారు 103 పరుగులు. లూ బ్రాక్ అతని కంటే 130 స్టీల్స్ ఎక్కువ చేశాడు, 938. కానీ 307 సార్లు దొరికాడు. అతని నికర లాభం 65 పరుగులు! బ్రాక్‌ని 1985లో మొదటి ఓటింగ్‌లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కి (బేస్‌బాల్ మహామహుల గౌరవ జాబితాకి) పంపారు. సంతోషం, గొప్ప ఆటగాడే. అతని ఆన్-బేస్ .343 అని కూడా గుర్తుపెట్టుకో. ఇక గ్విన్‌వి 319 స్టీల్స్, 125 సార్లు దొరకడం. నికరం పద్నాలుగు పరుగులు. రేన్స్‌కీ అతనికీ మధ్య దాదాపు తొంభై పరుగుల తేడా. పది పరుగులంటే ఉజ్జాయింపుగా ఒక గెలుపు కాబట్టి, తొమ్మిది గెలుపులు. గ్విన్ బ్యాట్‌తో సంపాదించిన ఆధిక్యాన్ని రేన్స్ తన కాళ్లతో చాలావరకు తిరిగి రాబట్టాడు.

ఇవన్నీ కలిపి, ఫీల్డింగ్ కూడా చేర్చి, మైనర్ లీగ్ నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే మామూలు ఆటగాడితో పోలిస్తే జట్టుకి ఎన్ని గెలుపులు అదనంగా తెచ్చాడో చెప్పే అంకె డబ్ల్యూఏఆర్. బేస్‌బాల్ రిఫరెన్స్ వాళ్ల లెక్కలో ఇద్దరికీ 69 చిల్లర. దశాంశాల దగ్గర ఎవరు ముందున్నారో నేను పట్టించుకోను, ఆ అంకెకి అంత ఖచ్చితత్వం లేదు. ముఖ్యంగా ఫీల్డింగ్ భాగం. ఇప్పుడు ప్రతి స్టేడియంలో కెమెరాలు ఫీల్డర్ ఎంత దూరం, ఎంత వేగంతో పరుగెత్తాడో కొలుస్తున్నాయి. 1980లలో అవి లేవు. ఏ బంతి ఎటు వెళ్లింది, ఎవరు పట్టారు అన్న రాతల నుంచి అంచనా కట్టినవే ఆ అంకెలు. పైగా రేన్స్ ఆడింది లెఫ్ట్ ఫీల్డ్‌లో. అది తేలికైన చోటు కాబట్టి సెంటర్ ఫీల్డర్‌కి కలిపే చోట ఇతనికి ఏటా కొన్ని పరుగులు కోసేస్తారు. ఆ కోత పోగా 69 మిగిలింది.

ఇక 1987. ఈ ఏడాది గురించి నువ్వు శ్రద్ధగా చదవాలి. 1986లో రేన్స్ .334తో నేషనల్ లీగ్ బ్యాటింగ్ ఛాంపియన్. వయసు 27. ఫ్రీ ఏజెంట్ అయ్యాడు, అంటే ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోవచ్చు. ఇలాంటివాడి కోసం జట్లు ఎగబడాలి కదా? సరైన ధర ఇచ్చేవాడు ఒక్కడూ రాలేదు. యజమానులందరూ లోపాయికారీగా కూడబలుక్కుని జీతాలు పెరగకుండా చూసుకున్నారు. తర్వాత మధ్యవర్తులు దాన్ని తప్పని తేల్చారు, 1990లో యజమానులు 28 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకున్నారు. కానీ అప్పటికి రేన్స్‌కి జరగాల్సింది జరిగిపోయింది. నిబంధనల ప్రకారం మే 1 దాకా ఎక్స్‌పోస్‌తో తిరిగి సంతకం చేయడానికి వీల్లేదు. సీజన్‌కి ముందుండే స్ప్రింగ్ ట్రైనింగ్ లేదు, ఏప్రిల్ అంతా ఆట లేదు.

మే 2న న్యూయార్క్‌లో మెట్స్ జట్టు మీద నేరుగా దిగాడు. మొదటి బంతికే ట్రిపుల్, మూడో బేస్ దాకా వెళ్లే హిట్. ఆ రోజు ఐదింట నాలుగు హిట్లు, పదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా హోమ్ రన్), ఎక్స్‌పోస్ గెలుపు. ఆ ఇన్నింగ్స్ వర్ణన చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. సీజన్ అయ్యేసరికి 139 ఆటల్లో .330, ఆన్-బేస్ .429, పద్దెనిమిది హోమ్ రన్లు, 123 పరుగులు, యాభై స్టీల్స్, దొరికింది ఐదుసార్లు. నెల రోజులు లాక్కున్నాక కూడా పరుగుల్లో లీగ్ మొత్తానికి మొదటివాడు.

ఆ ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే ఎంవీపీ ఎవరికిచ్చారో తెలుసా? ఆండ్రే డాసన్‌కి. 49 హోమ్ రన్లు, 137 ఆర్‌బీఐలు (తన బ్యాట్ వల్ల జట్టుకి వచ్చిన పరుగులు) చూసి ఇచ్చారు. అతని ఆన్-బేస్ .328, జట్టు చికాగో కబ్స్ తన డివిజన్‌లో ఆఖరు. రేన్స్‌కి ఏడో స్థానం. మీ గ్విన్ .370 కొట్టి ఎనిమిదో స్థానంతో సరిపెట్టుకున్నాడు కాబట్టి ఈ ఒక్క విషయంలో మనిద్దరం ఒకే జట్టు. డాసన్ మీద మాత్రం కోపం తెచ్చుకోకు. అతనూ అదే కుట్రలో నలిగినవాడే, జీతం అంకె ఖాళీగా వదిలేసిన కాంట్రాక్ట్ మీద సంతకం చేసి కబ్స్‌కి వెళ్లాడు. పైగా మాంట్రియల్‌లో రేన్స్‌కి అన్నలా నిలబడింది అతనే. 1982లో రేన్స్ కొకైన్‌కి అలవాటు పడ్డాడు. జేబులో ఉన్న సీసా పగలకూడదని తల ముందుకు పెట్టి స్లైడ్ చేసేవాడినని తర్వాత తనే చెప్పాడు. చికిత్స తీసుకుని బయటపడ్డాడు. ఆ రోజుల్లో తనని నిలబెట్టిన డాసన్ పేరే రెండో కొడుక్కి పెట్టుకున్నాడు. ఏ అంకెలోనూ పట్టని సంగతి ఇది. అతని కెరీర్ గురించి మాట్లాడేటప్పుడు నేను దీన్ని పక్కన పెట్టలేను.

తర్వాతి ఏళ్లు త్వరగా చెబుతాను. చికాగో వైట్ సాక్స్‌లో ఐదేళ్లు, యాంకీస్‌తో 1996, 1998 వరల్డ్ సిరీస్ టైటిళ్లు. ఆ తర్వాత 1999లో లూపస్ జబ్బు చేసినా కోలుకుని మళ్లీ ఆడాడు. 2001లో బాల్టిమోర్ తరఫున కొడుకుతో కలిసి ఒకే ఔట్‌ఫీల్డ్‌లో నిలబడ్డాడు. ఆఖరి ఏళ్లలో రోజూ ఆడేది లేదు కాబట్టి మూడు వేల హిట్లకి దారి మూసుకుపోయింది. అతను అన్ని వాక్‌లు తీసుకోకుండా చెడ్డ బంతుల్ని తరిమి ఉంటే హిట్లు ఇంకొన్ని వచ్చేవి, జట్టుకి పరుగులు తగ్గేవి. ఏది మంచిదో నువ్వే చెప్పు.

హాల్ ఆఫ్ ఫేమ్‌కి 75 శాతం ఓట్లు కావాలి. 2007లో గ్విన్‌కి 97.6 శాతం వచ్చింది. మరుసటి ఏడాది రేన్స్‌కి 24.3, ఆ పైఏడు 22.6. పైకి రావడానికి పదేళ్లు పట్టింది. మధ్యలో 2014లో అభ్యర్థి గడువుని పదిహేనేళ్ల నుంచి పదికి కుదించారు, దాంతో 2017 అతనికి ఆఖరి అవకాశం అయింది. ఆ ఏడాది 86 శాతంతో లోపలికి వెళ్లాడు. ఇప్పుడు నీకు నేను చెప్పిన ఈ కూడికలే, పాత పద్ధతిలో ఆలోచించే, ఓటు వేసే క్రీడా రచయితలకి ఏళ్ల తరబడి ఓపిగ్గా చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్ల వల్లే అది సాధ్యమైంది. హాల్‌లో ఫలకం మీద ఎక్స్‌పోస్ టోపీతో ఉన్నవాళ్లు ముగ్గురే, గ్యారీ కార్టర్, డాసన్, రేన్స్. నేను ఇక్కడికి వచ్చేసరికి ఆ జట్టే లేదు, 2004 సీజన్ తర్వాత వాషింగ్టన్‌కి తరలిపోయింది. అయినా మా ఆఫీసులో పెద్దవాళ్ల ముందు రేన్స్ పేరు ఎత్తితే చేతిలో పని ఆపి మాట్లాడతారు.

నా తీర్పు ఇది. రెండు ఔట్లయ్యాక మూడో బేస్ మీద మనవాడు ఉంటే గ్విన్‌ని పంపుతాను. ఇన్నింగ్స్ మొదలుపెట్టడానికైతే 1983 నుంచి 1987 దాకా ఉన్న రేన్స్‌ని, రికీ ఒక్కణ్ణి మినహాయిస్తే, ఇంకెవరికీ మార్చుకోను. కెరీర్ మొత్తానికి ఇద్దరికీ సమానం వేస్తాను. నువ్వు ఒప్పుకోకపోతే ఎక్కడ ఒప్పుకోవో, ఏ అంకె దగ్గర ఆగిపోయావో రాయి. "అందరికీ తెలుసు" అని మాత్రం రాయకు.

ఎండలు తగ్గేలోపు మీరంతా ఒకసారి రండి. పీ-నఫ్ మెట్రో స్టేషన్‌లో దిగితే ఒలింపిక్ స్టేడియం ఎదురుగానే ఉంటుంది, మీవాడికి చూపిద్దాం. సుధని అడిగానని చెప్పు. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
రాజు