ఈ కాగితం ఏ ఫైల్లో పెట్టాలి?

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. చెరువు నీళ్ల మీద నా పని. మూడు వానాకాలాలు ఒకే చెరువు చుట్టూ సీసాలు పట్టుకుని తిరిగాను. ఏ నాలా నుంచి మురుగు ఎక్కువ దిగుతోందో, వాన పడ్డ ఎన్ని గంటలకు నీళ్ల రంగు మారుతోందో అంతా నా నోట్‌బుక్కులో ఉంది. కిందటేడు దాన్ని తెలుగులో రెండు పేజీలకు కుదించి ఒక ప్రభుత్వ కార్యాలయానికి తీసుకెళ్లాను. అక్కడి అధికారి నన్ను కసురుకోలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించారు. రెండు పేజీలూ చదివారు. చివరికి, "బాగుందమ్మా, కానీ దీన్ని ఏ ఫైల్లో పెట్టమంటావు?" అన్నారు.

ఆయన ఎగతాళిగా అడగలేదు. ఫిర్యాదు ఇస్తే దానికో నంబరు పడుతుంది. టెండరుకు ఫైలుంటుంది. కోర్టు నోటీసు వస్తే సెక్షన్ సెక్షనంతా పరుగులు పెడుతుంది. ఎవరూ అడక్కుండా వచ్చిన పరిశోధనకే చోటు లేదు. ఆయన ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది మీరేనని ఈ లేఖ రాస్తున్నాను.

తార్నాక నుంచి హబ్సిగూడ దాకా ఒక్కసారి నడిస్తే ఉస్మానియా, జాతీయ పోషకాహార సంస్థ, రసాయన పరిశోధన చేసే ఐఐసీటీ, భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ, జీవకణాల మీద పనిచేసే సీసీఎంబీ వరసగా తగులుతాయి. ఇంత చిన్న దూరంలో ఇన్ని ప్రయోగశాలలున్న నగరాలు దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి! 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించుకుంది. ఇప్పుడు ఎవరినీ ఊరి బయటి నుంచి పిలవక్కర్లేదు.

కలిసి పనిచేస్తే ఏమవుతుందో మనం చూశాం కూడా. 2020లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తెచ్చి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి కరోనా సోకి ఉండొచ్చని లెక్క కట్టారు. అప్పటి అధికారిక లెక్కలకంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంటింటికీ తిరగకుండా, ఎవరి ముక్కులోనూ పుల్ల పెట్టకుండా తేలిన లెక్క అది. కాకపోతే అది మహమ్మారి కాలం, అందరి చెవులూ తెరిచి ఉన్న రోజులు. మామూలు రోజుల్లో అలా వినే ఏర్పాటు ఏదీ?

నేను అడిగేది ఒక కుర్చీ. ఏటా కొంతమంది పీహెచ్‌డీ విద్యార్థులను మూడు నెలలపాటు మీ శాఖల్లో కూర్చోనివ్వండి. పురపాలక, నీటిపారుదల, వైద్యం, వ్యవసాయం, ఏదైనా సరే. శాఖ అడిగిన ప్రశ్నకు ఇప్పటివరకు తెలిసిన శాస్త్రం ఏమిటో నాలుగు పేజీల్లో రాసి ఇవ్వడం మా పని. బ్రిటన్ పార్లమెంటులో పరిశోధక విద్యార్థులు ఇదే పని చేస్తున్నారు. ఖర్చంటారా? జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చేవాళ్లకు నెలకు 37,000 రూపాయలు ఎలాగూ వస్తున్నాయి. కావలసింది మా విశ్వవిద్యాలయాలు ఆ మూడు నెలలను సెలవుగా కాక పరిశోధనలో భాగంగా లెక్కించడం. ఫెలోషిప్ లేనివాళ్లకు మాత్రం కొంత భృతి ఇవ్వాలి, లేకపోతే ఇది ఉన్నవాళ్ల వ్యవహారం అయిపోతుంది.

ఫైళ్లు చూసి పేపర్లకు ఎక్కిస్తారన్న భయం మీ సిబ్బందికి ఉంటుంది. న్యాయమే. గోప్యత పత్రం మీద సంతకం తీసుకోండి.

మా వైపు తప్పులూ ఉన్నాయి. మా వ్యాసాలు ఇంగ్లిష్‌లో, డబ్బు కడితే తప్ప తెరుచుకోని జర్నళ్లలో ఉంటాయి. చెరువు పక్క కాలనీవాళ్లకు అవి అందవు, అందినా అర్థం కావు. నేనే నా మొదటి వ్యాసాన్ని మా అమ్మకు చెప్పలేక చేతులెత్తేశాను. పదోన్నతికి వ్యాసాల లెక్క చూస్తారు తప్ప, వార్డు మీటింగులో మాట్లాడామా అని ఏ గైడూ అడగరు. ఆ టెన్షన్‌లో పడి మేం ప్రయోగశాల గేటు దాటడం మానేశాం.

దారులు అసలు లేవని కాదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడే వాటికి సంబంధించిన విషయాలన్నీ బయటపెట్టాలి. ముసాయిదాలను తెలుగులో ఒక నెల ముందు పెట్టి, వచ్చిన సలహాల్లో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో ఒక పేజీ రాస్తే మేం చాలామందిమి రాస్తాం. శాసనమండలి సంగతి మీ చేతిలో లేదనుకోండి. కానీ 40 మంది సభ్యుల్లో గవర్నర్ నామినేట్ చేసే ఆరుగురి కోసం రాజ్యాంగం చెప్పిన రంగాల్లో సాహిత్యం పక్కనే సైన్స్ కూడా ఉందని ఎవరికైనా గుర్తుచేయగలిగితే చేయండి.

మొదటి విడతకు పదిమంది చాలు. వేసవిలో మొదలుపెడితే, ఏ నాలాలో ముందు పూడిక తీయాలో తేల్చే వేళకు మేం అక్కడ ఉంటాం. నా రెండు పేజీల కాపీ ఈ లేఖకు జతచేస్తున్నాను. దానికో ఫైలు నంబరు పడితే ఒక ఎస్సెమ్మెస్ పంపమనండి.

ఇట్లు,
ఒక పరిశోధక విద్యార్థిని,
హైదరాబాద్