రిబుల్‌హెడ్ దగ్గర గొడుగు పట్టిన పెద్దాయనకు

ఇంగ్లండ్‌లోని రిబుల్‌హెడ్‌లో ఆ 24 కమానుల రైలు వంతెన దగ్గర, గొడుగు పట్టుకుని మరీ పొగబండి ఫోటోల కిటుకులు విప్పి చెప్పిన పెద్దాయనా, మీకు వేల దండాలు. సెటిల్ ఊరి నుంచి ఉత్తరానికి వెళ్లే బండినే పట్టుకోమన్నారు: అటు 100 అడుగులకు 1 అడుగు ఎక్కాలి కాబట్టి ఇంజను రొప్పుతుంది, ఆవిరి దట్టంగా లేస్తుంది. చలిరోజైతే మరీ మేలు. వేసవి ఎండలో ఆవిరి లేచీ లేవగానే కరిగిపోతుంది. వెనక డీజిల్ ఇంజను తోస్తుంటే మాత్రం పొగ మీద ఆశ వదులుకోవాల్సిందే! గాలి మన వీపు వైపు నుంచి వీచాలి, లేదంటే పెట్టెలన్నీ పొగలో మునుగుతాయి. ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) ఆటోలో వదిలితే తెల్లటి ఆవిరిని చూసి కెమెరా మోసపోయి ఇంజనును బొగ్గుముద్ద చేస్తుంది. అందుకే బండి రాకముందే పచ్చిక మీద వెలుతురు కొలిచి, 1/3 స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుతురు సగమవుతుంది) తగ్గించి, షట్టర్ 1/500 సెకను దగ్గర మాన్యువల్‌లో బిగించాలి. ఆవిరి మడతలు చెక్కుచెదరకుండా నిలిచాయంటే ఆ 1/3 చలవే.