చామంతి రంగు

ఒరేయ్ మేస్త్రీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ సగంలో వదిలేశాను. క్షమించు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. చిన్నదానికి పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఇంటి అద్దె మళ్ళీ పెంచారు. కబుర్లు ఇంతే.

మీ నాన్నగారి స్టూడియో మళ్ళీ తెరుస్తానని రాశావు చూడు, ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఏ కెమెరా కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ ముందు నేర్చుకోవాలి అని అడిగావు. చెబుతాను. ముందు సిటీ మార్కెట్‌లో జరిగింది విను. అది నీకు చెప్పాలని మూడు వారాలుగా మనసు కొట్టుకుంటోంది.

బెంగళూరులో పాతవాళ్ళు కె.ఆర్. మార్కెట్‌ను సిటీ మార్కెట్ అనే అంటారు. ఒక ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు వెళ్ళాను. పై అంతస్తు పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తే కింద నేల కనబడదు, అన్నీ పూలే. బంతి, గులాబి, కనకాంబరం, తలల మీద మూటలు. పైనుంచి కొన్ని ఫొటోలు తీసి కిందికి దిగాను. ఒక మూల నీలం పట్టా కింద ఒకావిడ చామంతులు రాశి పోసుకుని కూర్చుంది. హోసూరు వైపు ఊరట, చక్కగా తెలుగే మాట్లాడింది. "అక్కా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే, "పూలకు తీసుకో, నాకెందుకు" అంటూనే కొంగు సర్దుకుంది. ఇరవై దాకా తీశాను.

ఇంటికి వచ్చి చూస్తే రెండు తప్పులు. మొదటిది బంతిపూలు. బుట్టలో రేకులే లేవు, నారింజ రంగు ముద్ద ఒక్కటే ఉంది. తీసేటప్పుడు హిస్టోగ్రామ్ చూశాను, బాగానే అనిపించింది. కానీ అది మొత్తం వెలుగును చూపే గ్రాఫ్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే గ్రాఫ్ పెట్టుకుని ఉంటే ఎరుపు ఒక్కటే మితిమీరి గ్రాఫ్ కుడివైపు గోడకు తగలడం కనబడేది. బంతి దండ, మందారం, పట్టుచీర ఎర్రంచు... పెళ్ళిళ్ళలో నీకు ఎదురయ్యేవన్నీ ఇవే. కాబట్టి కెమెరాలో ముందు ఆ గ్రాఫ్ పెట్టుకో. ఎరుపు గోడకు తగిలితే ఒక స్టాప్ తగ్గించి, అంటే వెలుగు సగం చేసి, మళ్ళీ తియ్యి. నీడలో ఉన్నదాన్ని తర్వాత వెలుగులోకి తేవచ్చు, కాలిపోయిన రేకు తిరిగి రాదు. రా ఫైల్‌లోనే, అంటే కెమెరా పట్టిందంతా ఉన్నదున్నట్టు దాచే ఫైల్‌లోనే, తియ్యమనడం అందుకే. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లు ఉంటే, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384 ఉంటాయి. హార్డ్ డిస్క్ తొందరగా నిండుతుంది, అయినా సరే.

రెండో తప్పు చామంతులది. పసుపు పాలిపోయి, ఆకుపచ్చకు తిరిగినట్టుంది. నేను శాచురేషన్, అంటే రంగు గాఢత, పెంచాను. చాలలేదని ఇంకా పెంచాను. తెర మీద ధగధగలాడింది. ప్రింట్ తీయించి, మరుసటి ఆదివారం తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టాను.

మేస్త్రీ, ఆమె ఆ ఫొటో పట్టుకున్న తీరు నువ్వు చూడాల్సింది. తడి చేతులు చీరకు తుడుచుకుని, రెండంచులూ వేళ్ళ కొసలతో పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "ఇవి నా పూలు కావు నాయనా. ప్లాస్టిక్‌వి" అంది.

నాకు మాట రాలేదు. ఆమె రాశిలోంచి దోసెడు చామంతులు తీసుకుని లేచింది. పట్టా దాటి బయటికి నడిచింది. అప్పుడే తెల్లవారుతోంది. ఆకాశం కింద ఆ దోసిలి చాచి, "ఇప్పుడు చూడు. పట్టా కింద రంగు చూసి ఎవరూ కొనరు. గుప్పెడు పట్టుకుని బయటికి వస్తారు. నిన్నటివో ఈ పూటవో ఇక్కడ తేలిపోతుంది" అంది.

చూశాను. వెలుపలి రేకులు లేత పసుపు, లోపలికి పోయేకొద్దీ ముదురు, నట్టనడుమ ఇంకా విచ్చుకోని చోట ఒక్క చుక్క ఆకుపచ్చ. నిజంగా ఒళ్ళు జలదరించింది. వెలుగు రంగును బట్టి ఫొటో రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ గురించి ఎన్ని పాఠాలు విన్నానో లెక్కలేదు, అది నాకు అర్థమైంది మాత్రం ఆ దోసిలి ముందు. నీలం పట్టాలోంచి దిగే వెలుగు నీలంగానే ఉంటుంది. పక్కనే బల్బు, దానిది ఇంకో రంగు. ఆ రెండింటి నడుమ కెమెరా తనంతట తాను ఏమి తేల్చగలదు?

అప్పుడు మీ నాన్నగారు గుర్తొచ్చారు. నలుపు తెలుపు పెళ్ళి ఫొటోలకు చేత్తో రంగులు వేసేముందు పెళ్ళికూతురి చీర తెప్పించుకుని, వరండాలోకి తీసుకెళ్ళి చూసేవారు. మనం లోపల చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఫొటోలు కడిగే ట్రేలు ఊపుతూ కబుర్లు చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ చీర బయటికి ఎందుకండీ అని ఒక్కసారైనా అడిగి ఉంటే... సరే, వదిలేయ్.

పూల పక్కన బూడిద రంగు కార్డు పెట్టి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ కట్టి మళ్ళీ తీశాను. శాచురేషన్ ముట్టుకోలేదు.

ఇక నీ ప్రశ్నలు, గబగబా. ఖరీదైన కెమెరా వద్దు. 24 మెగాపిక్సెళ్ళది వాడినదైనా చాలు. 6000 × 4000 పిక్సెళ్ళంటే, అంగుళానికి 300 చొప్పున 20 అంగుళాల వెడల్పు ప్రింట్ వస్తుంది. మిగిలిన డబ్బుతో 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ కొని, నెలపాటు దానితోనే తియ్యి. రా ఫైళ్ళకు డార్క్‌టేబుల్, ఆ తర్వాతి పనికి గింప్, రెండూ ఉచితం. గింప్‌లో ముందు లేయర్లు అనే పొరలు, మాస్క్ మాత్రమే నేర్చుకో. మీ నాన్నగారు ఎన్‌లార్జర్ అనే, ఫొటోను పెద్దదిగా కాగితం మీద వేసే యంత్రం కింద అట్టముక్క ఊపుతూ ముఖం నల్లబడకుండా వెలుగు ఆపేవారే, మాస్క్ చేసేదీ ఆ పనే. నీకు ఒక్క పూటలో వచ్చేస్తుంది.

శుభలేఖలకు ఫొటోషాప్ పాత వెర్షన్ వాడితే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, కంగారుపడకు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుంటే కుదురుకుంటాయి. యూనికోడ్ ఫాంట్లలో మండలి, రామభద్ర ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్ల కార్డుల సంగతి వేరే, అది ఇంకో ఉత్తరం అంత ఉంది.

కొత్త ప్రింట్ నా బల్ల మీదే ఉంది. నిన్న సాయంత్రం డాబా మీదికి తీసుకెళ్ళి వెలుతురులో చూశాను. నాకైతే ఆ పూలే అనిపించాయి. ఆమె ఏమంటుందో తెలియదు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇప్పుడు 4:20, కింద ఆటో వచ్చి ఆగింది. ఆమె ఏమన్నదీ వచ్చాక

నీ కుంచె