వేసవి ప్రయాణం: ఊటీయా, అరకా?

అందరికీ నమస్కారం. ఈ వేసవికి అందరం ఎక్కడికి వెళ్దామా అని నిన్న రాత్రి నుంచి మన ఇంటి గ్రూపులో ఊటీ, హంపి అంటూ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, నా మాట కూడా చెప్తాను. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, చల్లదనంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను బాబాయ్. కానీ అమలాపురం నుంచి వెళ్లడానికే వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, పైగా 2024 నుంచి ఎండాకాలంలో బండికి ముందే ఆన్‌లైన్‌లో ఈ-పాస్ (అనుమతి) తీసుకోవాలి, మైసూరు వైపు నుంచి వెళ్తే బందీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు. నానమ్మ మోకాళ్లతో అంతసేపు కూర్చోలేదు. హంపి అయితే మే నెలలో రాళ్లు కాలిపోతుంటాయి, అది శీతాకాలానికి ఉంచుదాం.

నేను అనేది అరకు. తెల్లవారుజామున రావులపాలెం మీదుగా హైవే ఎక్కి, నర్సీపట్నం దాటాక ఘాట్ రోడ్డులో లంబసింగి, చింతపల్లి, పాడేరు మీదుగా నెమ్మదిగా పోదాం. దారిలో రెండు రాత్రులు ఆగుదాం, ఘాట్ మాత్రం పగలే ఎక్కాలి, ఇందులో రాజీ లేదు. వచ్చేటప్పుడు బొర్రా గుహలు, విశాఖ, ఆఖర్న అన్నవరం. ఆకులో కట్టిచ్చే ఆ ప్రసాదం లేకుండా ఇంటికొస్తే నానమ్మ ఊరుకోదు. గుహల్లో మెట్లు చాలా ఉంటాయి కాబట్టి ఆవిడకి తోడుగా పైనే నేనుంటాను.

పిన్నీ, పులిహోర, ఆవకాయ నువ్వే చూడాలి. రోహిణి కార్తె లోపే బయల్దేరాలి, ఆదివారం లోపు ఎవరెవరు వస్తారో చెప్పండి, బండి మాట్లాడాలి.