సోయాచిక్కుడు విత్తనం మృగశిరకే ఊరు చేరాలి

సంపాదకులకు నమస్కారం.

సోయాచిక్కుడు నాలుగు రోజులు వెనకాముందుగా వేసినా పర్వాలేదని మన మెట్ట రైతుల్లో కొందరు అనుకుంటారు. ఈ పంటకు ఆ మాట చెల్లదు. దీని పూతను నడిపేది రాత్రి నిడివి. జూన్ ఆఖరున మనకు పగలు 13 గంటలు దాటుతుంది, తర్వాత రోజురోజుకీ తగ్గుతుంది. ఆలస్యంగా విత్తిన మొక్క లేత వయసులోనే పొడుగు రాత్రులు చూసి, ఎదగకుండానే పూతకొస్తుంది. అందుకే మూడు వారాలు ఆలస్యమైతే కోత మూడు వారాలు వెనక్కి జరగదు. తరిగిపోయేవి మొక్క ఎదిగే రోజులే. కణుపులు, కొమ్మలు తగ్గుతాయి. కాయలు నేలకు ఆనుకుని కాసి కొడవలికి అందవు.

మనకు ఇంకో ముప్పూ ఉంది. జేఎస్-335 లాంటి రకం 95-100 రోజుల్లో కోతకొస్తుంది. ఆరుద్ర కార్తె మొదట్లో, అంటే జూన్ 22 ప్రాంతంలో వేస్తే సెప్టెంబరు ఆఖరుకు చేతికొస్తుంది. పునర్వసు కార్తె (జూలై 6-19 ప్రాంతం) దాటితే కోత అక్టోబరు తుపాన్లకు ఎదురెళ్తుంది. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి. ఎండిన కాయ తడిస్తే గింజ నల్లబడుతుంది, చెట్టు మీదే మొలకెత్తుతుంది.

అలాగని తొలి జల్లుకే విత్తకూడదు. 60-75 మిల్లీమీటర్ల వాన పడి పదును దిగాక, 3-4 సెంటీమీటర్ల లోతున వేయాలి. లోతెక్కువై పైమట్టి అట్టకడితే మొలక మెడ విరుగుతుంది.

అసలు చిక్కు విత్తనంతోనే. సోయా గింజ పైపొర చాలా పల్చన. బస్తా ఎత్తి పడేసినా, తేమగాలిలో నిలవున్నా మొలక శాతం పడిపోతుంది. ఎకరాకు 30 కిలోలంటే సుమారు రెండున్నర లక్షల గింజలు. 70 శాతం మొలిస్తేనే సాళ్ల మధ్య 45, మొక్కల మధ్య 5 సెంటీమీటర్ల ఎడంలో సరిపడా మొక్కలుంటాయి. 50 శాతమే మొలిస్తే చేను ఖాళీలే. ఆ ఖాళీల్లో మళ్లీ విత్తేసరికి అదను దాటుతుంది.

కాబట్టి అధికారులకు మా విన్నపం: రాయితీ విత్తనం మృగశిర ప్రవేశానికే రైతు సేవా కేంద్రాలకు చేర్చండి. పంచే ముందు ఒక్కో లాట్ నుంచి వంద గింజలు తడి గోనెలో చుట్టి, మొలక శాతం రైతు కళ్లముందే లెక్కపెట్టండి. అనివార్యంగా జూలై రెండో వారానికి జరిగితే సాళ్ల ఎడం 30 సెంటీమీటర్లకు తగ్గించి, విత్తనం ఆ మేరకు పెంచి ఇవ్వండి. పునర్వసు వెళ్లాక మాత్రం సోయా బస్తా అంటగట్టకండి, ఉలవలో వలిసెలో ఇవ్వండి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం